ఎనిమిది వేలు అడిగితే పదివేలు

మైదుకూరు నాలుగు రోడ్ల దగ్గర దుప్పటి మూట, ఎక్స్‌రే కవరు పట్టుకుని బస్సు కోసం నిలబడిన కుటుంబం కనబడితే ఎక్కడికని అడగనక్కరలేదు. రాయవేలూరికే. ఇక్కడి డాక్టర్లు చేతులెత్తేస్తే మన సీమవాళ్లకు గుర్తొచ్చే ఊరు అది. అంతటి ఆసుపత్రి, ఇంకా ఏమీ సాధించి చూపని ఒక యువ డాక్టరు చేతిలో పెట్టిన కానుకతో లేచిందన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

ఐడా స్కడర్ 1870 డిసెంబరు 9న రాణిపేటలో పుట్టింది. తాత, తండ్రి ఇద్దరూ వైద్య మిషనరీలే. అయినా ఆమెకు మిషనరీ జీవితం మీద మనసు లేదు. కరువులో ఆకలితో చచ్చిపోయే పిల్లల్ని చిన్ననాడే చూసింది మరి. అమెరికాలో చదువుకుని అక్కడే స్థిరపడాలనుకుంది. తల్లికి జబ్బు చేసిందని తిండివనం వచ్చిందే గాని, తిరిగి వెళ్లిపోవాలన్నదే ఆమె ఉద్దేశం.

అక్కడ ఒకే రాత్రి ముగ్గురు మనుషులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి తలుపు తట్టారు. కాన్పు కష్టమై భార్య ప్రాణం పోతోంది, వచ్చి కాపాడమన్నారు. తనకు వైద్యం రాదనీ, తండ్రిని పంపుతాననీ ఐడా చెప్పింది. పరాయి మగవాడు తమ ఆడవాళ్లను ముట్టుకోవడానికి ఆ ముగ్గురూ ఒప్పుకోలేదు. తెల్లారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. డాక్టరు చదువుతానని ఐడా తల్లిదండ్రులకు చెప్పింది అప్పుడే.

1899లో న్యూయార్క్‌లోని కార్నెల్ వైద్య కళాశాల నుంచి పట్టా పుచ్చుకుంది. ఓడ ఎక్కేలోగా వేలూరులో స్త్రీల ఆసుపత్రి కోసం ఎనిమిది వేల డాలర్లు పోగుచేయాల్సి వచ్చింది. సంఘాలు తిరిగింది. అందరూ విన్నారు, మెచ్చుకున్నారు. చేతిలో పడింది మాత్రం కొద్దే. (ఇది మన సంఘాల్లోనూ తెలిసిన అనుభవమే. ప్రహరీగోడకు వచ్చినంత కానుక వైద్యం చదివే పేదపిల్లకు రావడం నేను అరుదుగా చూశాను.) ప్రయాణం దగ్గరపడుతుండగా స్త్రీల మిషనరీ సమాజం నాయకురాలు టేబర్ గారింటికి వెళ్లి తన గోడు చెప్పుకుంది. పక్కగదిలో ఆవిడ బావ రాబర్ట్ షెల్ అనే బ్యాంకరు ఆ మాటలు వింటున్నాడని ఆమెకు తెలియదు. మర్నాడు ఆయన ఐడాకు కబురు పంపి, వివరాలన్నీ అడిగి, చనిపోయిన తన భార్య మేరీ టేబర్ షెల్ జ్ఞాపకార్థం పదివేల డాలర్లు ఇచ్చాడు.

డబ్బు వచ్చింది గాని జనానికి నమ్మకం వెంటనే రాలేదు. 1900లో ఆమె వేలూరు చేరిన కొద్ది నెలలకే తండ్రి చనిపోయాడు. ఈ చిన్నపిల్లకు ఏం తెలుసని రోగులు వెనుదిరిగేవారు. అయినా ఇంట్లో ఒక చిన్న గదిలోనే వైద్యం మొదలుపెట్టింది. రెండేళ్లలో సుమారు ఐదు వేలమందిని చూసింది. 1902లో నలభై పడకల షెల్ ఆసుపత్రి తెరిచారు. రాలేనివారి కోసం తానే పల్లెలకు బయలుదేరింది. గుడియాత్తం దారిలో చెట్ల నీడన ఆగి, పుండ్లు కడిగి మందులిచ్చేది.

ఒక్క డాక్టరు ఎంతమందిని చూడగలదు? అందుకే 1918లో ఆడపిల్లలకు వైద్య పాఠశాల ప్రారంభించింది. అమ్మాయిలు చేరతారా అని పెద్దలు సందేహిస్తే, మొదటి ఏడే 151 దరఖాస్తులు వచ్చాయి. 1922లో మొదటి జట్టు పద్నాలుగుమంది డాక్టర్లయ్యారు. ఆ రోజుల్లోనే ఆసియాలోని స్త్రీల క్రైస్తవ కళాశాలల కోసం, ఇరవై లక్షల డాలర్లు పోగుచేస్తే పది లక్షలు కలుపుతామని రాక్‌ఫెల్లర్ కుటుంబ నిధి మాట ఇచ్చింది. సంఘ స్త్రీలు ఒక్కో డాలరు చొప్పున కూడబెట్టారు. వేలూరుకూ అందులో వాటా దక్కింది.

1930ల చివర ప్రభుత్వం పాత కోర్సు చాలదని, డిగ్రీ కళాశాలగా మారాలని షరతు పెట్టింది. లేకపోతే మూతపడాల్సిందే. డెబ్బై దాటిన ఐడా 1941లో, యుద్ధకాలంలో, మళ్లీ అమెరికా వెళ్లి సంఘాల తలుపులు తట్టింది. 1942లో ఎం.బి.బి.ఎస్. మొదలైంది. 1947లో అబ్బాయిలనూ చేర్చుకున్నారు. సంఘాలు తమ పిల్లల పేర్లు సిఫారసు చేసి పంపడం, చదువయ్యాక వారు వైద్యం అందని చోట కొన్నాళ్లు పనిచేయడం అక్కడి పద్ధతి అయింది.

ఐడా 1960 మే 24న కొడైకెనాల్‌లో కన్నుమూసింది. అప్పటికి ఆమె వయసు 89. షెల్ ఇచ్చిన పదివేలతో కట్టిన ఆసుపత్రి తరువాత కంటి ఆసుపత్రిగా మారింది. మన సీమ ముసలమ్మలు ఎందరో కళ్లకు కట్టుతో బయటికి వచ్చింది ఆ మేరీ పేరున్న గుమ్మం నుంచే.