ఓహ్లాంగె పాఠశాల నిర్మాత జాన్ డూబే

మన పెద్దలు గిరిమిట్ కూలీలుగా నేటాల్ చెరకు తోటల్లో చెమటోడ్చిన రోజుల్లోనే, డర్బన్‌కు ఉత్తరాన ఇనాండాలో ఒక జూలూ దంపతులు తమ పిల్లలకు చదువుతోపాటు సేద్యమూ నేర్పే వసతి పాఠశాలను నెలకొల్పారు. మన పొరుగునే జరిగిన ఆ సత్కార్యాన్ని మన పిల్లలకు తెలియజేయడం అవసరమని భావిస్తున్నాము.

జాన్ డూబే 1871లో ఇనాండాలో జన్మించారు. తండ్రి పాదిరి. 1887లో అమెరికా వెళ్ళి, కూలిపనులు చేసుకుంటూ ఒబర్లిన్‌లో చదివారు. రెండవసారి వెళ్ళినప్పుడు బుకర్ టి. వాషింగ్టన్‌ను కలుసుకున్నారు. ఆయన నడిపే టస్కీగీ విద్యాలయంలో, బానిసత్వం నుంచి బయటపడిన వారి పిల్లలు తమ భవనాలకు తామే ఇటుకలు చేసుకుంటూ, పంటలు పండించుకుంటూ చదివేవారు. అటువంటి బడి మా గడ్డమీద కూడా వెలియాలని డూబే సంకల్పించారు.

అమెరికాలో చందాలు పోగుచేసి, 1901లో భార్య నొకుటెలాతో కలిసి ఓహ్లాంగె పాఠశాలను ప్రారంభించారు. వ్యవసాయం, వడ్రంగం, చెప్పులు కుట్టడం, అచ్చుపని అక్కడ పాఠాలు. నొకుటెలా సంగీతం, వంట, కుట్టుపని నేర్పేవారు. 1903లో డూబే ‘ఇలాంగ లాసె నేటాల్’ అనే జూలూ పత్రికను కూడా స్థాపించారు.

1912లో, తరువాత ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌గా పేరు మారిన సంస్థకు ఆయన తొలి అధ్యక్షులయ్యారు. మరుసటి ఏడే వచ్చిన భూమి చట్టం ఆఫ్రికన్లకు దేశంలో సుమారు 7 శాతం నేలనే మిగిల్చింది. సేద్యం నేర్చిన చేతులకు దున్నుకోను చేను లేకుండా పోయింది! 1914లో లండన్ వెళ్ళి మొరపెట్టుకున్నా ఫలితం లేకపోయింది. అయినా పాఠశాల మూతపడలేదు.

గాంధీజీ 1904లో స్థాపించిన ఫీనిక్స్ ఆశ్రమం ఓహ్లాంగెకు చేరువలోనే ఉంది. 1905లో ఆయన డూబే ప్రసంగం విని మెచ్చుకున్నారు. 1912లో గోఖలే ఆ పాఠశాలను దర్శించారు. అయితే డూబే పత్రిక భారతీయ వర్తకులను విమర్శించిన సందర్భాలూ ఉన్నాయి. మన నాయకులూ తమ పోరాటాన్ని వేరుగానే సాగించారు. ఒకే పాలన కింద నలిగినవారు దూరదూరంగానే మిగిలారు. 1985లో ఇనాండాలో భారతీయుల ఇళ్ళు, దుకాణాలు, ఆశ్రమం తగులబడినప్పుడు ఆ దూరం ఎంతటిదో తెలిసివచ్చింది.

నొకుటెలా 1917లో కన్నుమూశారు. జొహానెస్‌బర్గ్‌లోని ఆమె సమాధికి 2013 వరకు పేరు చెక్కిన రాయి కూడా లేదు. డూబే 1946లో మరణించారు. 1994లో నెల్సన్ మండేలా తన తొలి ఓటు ఓహ్లాంగెలోనే వేసి, డూబే సమాధి వద్ద నివాళులర్పించారు.

మన పెద్దలు కూడా కూలిడబ్బుల్లోంచి చందాలు వేసుకుని బడులు కట్టినవారే. అందువల్ల ఓహ్లాంగె కథ మనకు పరాయిది కాదు. మన పిల్లలను ఒక్కసారైనా అక్కడికి తీసుకువెళ్ళి, ఆ దంపతులిద్దరి పేర్లూ చెప్పవలసిందిగా కోరుతున్నాము.