తక్కెడ పట్టిన మూడేళ్ళు



ఆగస్టు 27న పునీత మోనికమ్మ పండుగ. మరునాడే ఆమె కుమారుడు పునీత అగస్టీనువారి పండుగ. ఆ రెండు రోజులూ మన దేవాలయాల్లో వినే ప్రసంగాలు ఇంచుమించు ఒకే బాటన సాగుతాయి. కొడుకు చెడుదారి పట్టాడు, తల్లి ఏళ్ళ తరబడి కన్నీళ్ళతో ప్రార్థించింది, కొడుకు మారి పునీతుడయ్యాడు. ఇందులో అబద్ధమేమీ లేదు. కాని ఈ కథలోంచి ఒక మూడేళ్ళు ఎప్పుడూ జారిపోతుంటాయి. 383 నుండి 386 దాకా అగస్టీను ఒక మతాన్ని విడిచిపెట్టి, మరో మతాన్ని చేపట్టలేక, ఏది నిజమో తేల్చుకోలేక తక్కెడ చేతపట్టుకుని కూర్చున్నాడు. దేవుని సంగతి మనిషికి తెలిసేదేనా అని తనను తానే అడుగుకున్నాడు. కాలేజీకి వెళ్ళే మీ అబ్బాయో అమ్మాయో ఒక ఆదివారం పూజకు రానని, దేవుడున్నాడో లేడో ఎవరికి తెలుసునని అన్నప్పుడు మీకు అక్కరకు వచ్చేది ఆ మూడేళ్ళ కథే. అందుకే ఈ వారం దాన్ని మీ ముందుంచుతున్నాను.

అగస్టీను 354 నవంబరు 13న ఉత్తర ఆఫ్రికాలోని తగాస్తె అనే చిన్న పట్టణంలో పుట్టాడు. ఇప్పుడది అల్జీరియా దేశంలో ఉంది, సూక్ అహ్రాస్ అని పిలుస్తారు. తండ్రి పత్రీసియుసు కొద్దిపాటి భూమి ఉన్నవాడు, అన్యదేవతలను కొలిచేవాడు. మరణానికి కొంచెం ముందు జ్ఞానస్నానం పొందాడు. తల్లి మోనికమ్మ బిడ్డ నుదుట సిలువ గురుతు వేయించింది, నాలుక మీద ఉప్పు పెట్టించింది, కాని జ్ఞానస్నానం ఇప్పించలేదు. జ్ఞానస్నానం తర్వాత చేసే పాపం మరీ ఘోరమని తలచి దాన్ని వాయిదా వేయడం ఆ కాలపు అలవాటు. ఒకసారి పిల్లవాడికి ప్రాణం మీదికి వచ్చినప్పుడు అన్నీ సిద్ధం చేశారు. జబ్బు నయమయ్యేసరికి మళ్ళీ వాయిదా పడింది!

పదిహేడో ఏట పై చదువులకు కార్తేజు నగరానికి చేరాడు. అక్కడ ఒక స్త్రీతో పెండ్లి లేకుండానే కాపురం పెట్టాడు. వారికి పుట్టిన కొడుకుకు అదెయోదాతుసు అని పేరు పెట్టుకున్నారు. దేవుడిచ్చినవాడని దాని అర్థం. పందొమ్మిదో ఏట సిసెరో అనే రోమను పండితుని గ్రంథం ఒకటి చదివాక అతనిలో జ్ఞానదాహం పుట్టింది. తల్లి నమ్మే పవిత్ర గ్రంథాన్ని తెరిచి చూశాడు. వాక్చాతుర్యం నేర్చుకుంటున్న ఆ కుర్రవాడికి అందులోని భాష పల్లెటూరి మోటు మాటల్లా తోచింది. మూసి పక్కన పెట్టేశాడు. అప్పుడు అతన్ని ఆకట్టుకున్నవారు మానికేయులు.

వీరి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మూడవ శతాబ్దంలో పర్షియా రాజ్యంలో మానీ అనే వ్యక్తి స్థాపించిన మతం ఇది. వెలుగు ఒకటి, చీకటి ఒకటి, ఈ రెండూ ఆది నుండి ఒకదానితో ఒకటి పోరాడుతున్న శక్తులని వారు బోధించేవారు. ఈ లోకం ఆ పోరాటంలో పుట్టిన కలగాపులగం. వెలుగు కణాలు పండ్లలోను, కూరగాయల్లోను బందీలై ఉన్నాయి. అందుకని వారిలో ఎన్నికైనవారు అనబడే పైతరగతివారు మాంసం ముట్టరాదు, మద్యం తాగరాదు, పెండ్లాడరాదు, చెట్టు నుండి పండు కూడా తమ చేత్తో కోయరాదు. కోస్తే చెట్టు కన్నీరు కారుస్తుందట! శ్రోతలు అనే కిందితరగతివారు కోసి తెచ్చి పెట్టాలి. వీరు వాటిని తింటే లోపలి వెలుగు విడుదలై స్వస్థానానికి పోతుంది. ఉపవాసాలు, ప్రార్థనలు, నియమాలు అన్నీ కఠినంగానే ఉండేవి. అగస్టీను తొమ్మిదేళ్ళపాటు ఇందులో శ్రోతగా ఉన్నాడు.

అంత తెలివైనవాడు ఇందులో ఎలా పడ్డాడని మీరడగవచ్చు. శ్రీసభ ముందు విశ్వసించమంటుంది, మేమైతే ఏదీ నమ్మమనం, అంతా హేతువుతో రుజువు చేస్తామని వారు మాట ఇచ్చారు. చదువుకున్న కుర్రవాడికి అది తీయగా వినిపించింది. లోకంలో చెడుగు ఎక్కడిదన్న ప్రశ్నకు వారి దగ్గర తయారుగా జవాబుంది. పైగా నాలో పాపం చేసేది నేను కాదు, నాలోని చీకటి అనుకునే వెసులుబాటు కూడా ఉంది. పాపం చేస్తూనే నిర్దోషినని అనుకోగలిగే మతం ఏ యువకుడికి చేదవుతుంది? అతడు చేరడమే కాదు, మిత్రులను కూడా చేర్చాడు. హొనొరాతుసు అనే స్నేహితుడు అలా చేరినవాడే. ఆ పేరు గుర్తుంచుకోండి.

మోనికమ్మ కొంతకాలం కొడుకును ఇంట భోజనానికి రానీయలేదు. తర్వాత ఒక కల వచ్చి మనసు కుదుటపడి మళ్ళీ రానిచ్చింది. ఒక పీఠాధిపతి దగ్గరకు వెళ్ళి, మా అబ్బాయితో వాదించండి స్వామీ అని బతిమాలింది. ఆయన చిన్నతనంలో మానికేయుల మధ్యనే పెరిగి, వారి పుస్తకాలు చదివి, తానుగా బయటపడినవాడు. ఇప్పుడు వాదిస్తే వినడు, చదవనివ్వమ్మా, తానే తెలుసుకుంటాడు అని ఆయన ఒప్పుకోలేదు. ఆమె వదలకుండా ఏడుస్తూ అడిగితే, ఇంత కన్నీటికి పుట్టిన బిడ్డ నశించడని చెప్పి పంపేశారు. ఆ పీఠాధిపతి పేరు ఎక్కడా లేదు గాని, కన్నీటి మాటకంటే ఆయన వాదించనన్న మాటే గొప్పదని నాకనిపిస్తుంది.

ఆయనన్నట్టే జరిగింది. మానీ తన గ్రంథాల్లో సూర్యచంద్రుల గురించి, నక్షత్రాల గురించి చాలా వ్రాశాడు. అగస్టీను ఖగోళ శాస్త్రజ్ఞుల లెక్కలు చదివాడు. వారు గ్రహణం ఏ రోజు ఏ గంటకు పడుతుందో ముందే చెబుతున్నారు, అది అలాగే పడుతోంది. మానీ రాతలు ఆ లెక్కలకు పొసగలేదు. అడిగితే, ఫౌస్తుసు వస్తాడు, అన్నీ ఆయన విప్పి చెబుతాడన్నారు. అగస్టీనుకు ఇరవై తొమ్మిదో ఏడు నడుస్తుండగా ఆ ఫౌస్తుసు కార్తేజుకు రానే వచ్చాడు. మాట తేనె. కాని ప్రశ్న అడిగితే, ఈ విషయాలు నాకు తెలియవని వినయంగా ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీ వల్ల అగస్టీనుకు ఆ మనిషి నచ్చాడు, ఆ మతం మాత్రం మనసులో కూలిపోయింది. తెలియదని ఒప్పుకున్న ఆ మానికేయుడే, తనకు తెలియకుండా, ఒక శ్రీసభ పండితుణ్ణి మనకు సంపాదించి పెట్టాడు!

383లో తల్లికి అబద్ధం చెప్పి, ఆమెను సముద్రతీరాన వదిలి రాత్రికి రాత్రి ఓడెక్కి రోముకు వెళ్ళిపోయాడు. అక్కడ జబ్బుపడి చావు అంచుదాకా వెళ్ళి వచ్చాడు. ఇంకా బస చేసింది ఒక మానికేయుడి ఇంట్లోనే. మనసు మాత్రం అక్కడ లేదు. ఆ రోజుల్లోనే అకాడమీ తాత్త్వికులు అనేవారి వాదం అతనికి సబబుగా తోచింది. మనిషికి ఏదీ నిశ్చయంగా తెలియదు, అన్నిటినీ సందేహించాలి, దేనికీ ఔనని తలూపకుండా ఉండడమే వివేకం అన్నది వారి వాదం. ఈనాడు దేవుని విషయంలో తెలియదనేవారిని అజ్ఞేయవాదులంటున్నాం కదా, వారికి వీరు తాతల వంటివారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. అగస్టీను ఎన్నడూ నాస్తికుడు కాలేదు. దేవుడున్నాడని, మనుషుల బాగోగులు చూస్తాడని ఒక్కోసారి గట్టిగా, ఒక్కోసారి బలహీనంగా నమ్ముతూనే ఉన్నాడు. ఆ దేవుడు ఎలాంటివాడో, ఆయన దగ్గరకు దారి ఏదో తెలుస్తుందన్న ఆశే అడుగంటింది. తాత్త్వికుల వాదం నచ్చినా, వారి మాటల్లో క్రీస్తు నామం లేదు గనుక తన ఆత్మరోగాన్ని వారి చేతుల్లో పెట్టడానికి మనసు ఒప్పలేదు. చంటినాడు తల్లి పాలతో తాగిన ఆ నామం తొమ్మిదేళ్ళ తప్పుబోధ తర్వాత కూడా లోపల మిగిలే ఉంది.

అతని సందేహం పొగరు వల్ల పుట్టింది కాదు, మోసపోవడం వల్ల పుట్టింది. ఆ స్థితిని తానే తర్వాత ఒక పోలికతో వివరించారు. చేతకాని వైద్యుడి చేతిలో పడి దెబ్బతిన్నవాడు మంచి వైద్యుడు ఎదురైనా చెయ్యి చాపడానికి భయపడతాడు. మళ్ళీ మోసపోతానేమోనన్న భయంతో మందే వద్దంటాడు. కఠినమైన గుంపుల్లో కొన్నేళ్ళు ఉండి బయటపడినవారిని ఎరిగిన కుటుంబాలకు ఈ మాట వేరే విప్పి చెప్పనక్కరలేదు.

384లో మిలాను నగరంలో వాక్చాతుర్యం బోధించే ప్రభుత్వ ఉద్యోగం దొరికింది. అక్కడి పీఠాధిపతి పునీత అంబ్రోసువారు. ఆయన ప్రసంగాలకు అగస్టీను మొదట వెళ్ళింది మాటల తీరు వినడానికే. వింటూ వింటూ విషయం కూడా చెవిన పడింది. సర్వేశ్వరునికి మనిషిలా కాళ్ళూ చేతులూ ఉంటాయని శ్రీసభ నమ్ముతుందని అతడు ఇన్నాళ్ళూ ఎగతాళి చేశాడు. శ్రీసభ అలా నేర్పనే నేర్పదని ఇప్పుడు తెలిసి సిగ్గుపడ్డాడు. అంబ్రోసువారితో కూర్చుని మాట్లాడాలని ఆశపడ్డాడు గాని ఆయన చుట్టూ ఎప్పుడూ జనమే. కాస్త తీరిక దొరికితే ఆయన మౌనంగా పుస్తకం చదువుకునేవారు. అగస్టీను కొంతసేపు కూర్చుని, అడగకుండానే లేచి వచ్చేవాడు.

అప్పుడు మోనికమ్మ సముద్రం దాటి మిలాను చేరుకుంది. నేను మానికేయుణ్ణి కానమ్మా, అయితే ఇంకా క్రైస్తవుణ్ణీ కాలేదు అని కొడుకు చెప్పాడు. ఆమె ఎగిరి గంతేయలేదు, మిగతాది ఎప్పుడని నిలదీయనూ లేదు. నేను చనిపోయేలోగా నిన్ను విశ్వాసిగా చూస్తాను అని నెమ్మదిగా అని ఊరుకుంది. తల్లులారా, ఆ నెమ్మదిని గమనించండి.

ఏడూ మూడూ పది అన్నంత నిశ్చయంగా దేవుని విషయం కూడా తేలాలని అగస్టీను కోరుకున్నాడు. తేలేదాకా దేనికీ ఒప్పుకోననుకున్నాడు. కాని రోజువారీ బతుకును తరచి చూసుకుంటే ఒక సంగతి తట్టింది. తాను చూడని ఊళ్ళు ఉన్నాయని నమ్ముతున్నాడు. తాను పుట్టకముందు జరిగిన చరిత్రను నమ్ముతున్నాడు. స్నేహితుల మాట, వైద్యుల మాట నమ్ముతున్నాడు. తన తల్లిదండ్రులు వీరేనన్నది కూడా పెద్దలు చెబితే నమ్మిందే గాని కళ్ళతో చూసింది కాదు. ఈ నమ్మకాలన్నీ తీసేస్తే మనిషి ఒక్క రోజు కూడా గడపలేడు. కనుక నమ్మాలా వద్దా అన్నది కాదు ప్రశ్న, ఎవరిని నమ్మాలన్నదే ప్రశ్న. పైగా, రుజువు చేస్తామని పిలిచి చివరకు కట్టుకథలు నమ్మించినవారికంటే, ముందే విశ్వసించమని దాపరికం లేకుండా అడిగే శ్రీసభే నిజాయితీగా ఉందని అతనికి తోచింది. తక్కెడ మొదటిసారి కదిలింది ఇక్కడే.

బుద్ధి దారికి వచ్చినా బతుకు రాలేదు. గొప్పింటి సంబంధం కుదిరిందని పదిహేనేళ్ళకు దగ్గరగా కాపురం చేసిన స్త్రీని ఆఫ్రికాకు పంపేశారు. మరో పురుషుణ్ణి ఎరుగనని దేవునికి మొక్కుకుని, కొడుకును ఇక్కడే వదిలి ఆమె వెళ్ళిపోయింది. ఆమె పేరు కూడా మనకు చేరలేదు. అగస్టీనువారిపై ఎంత భక్తి ఉన్నా ఈ ఘట్టాన్ని సమర్థించలేం. అతడేమో నిశ్చితార్థమైన పిల్లకు పెండ్లి వయసు వచ్చేదాకా ఆగలేక మరో స్త్రీని చేరదీశాడు.

ప్లేటో మార్గపు గ్రంథాలు చదివాక చెడుగు ఎక్కడిదన్న పాత ముడి విడింది. చెడుగు ఒక పదార్థం కాదు, మంచి లోపించడమే చెడుగు. బట్టకు పడిన చిరుగులాంటిది; బట్ట లేకుండా చిరుగు ఉండదు. 386 ఆగస్టులో మిలాను తోటలో ఏడుస్తూ కూర్చున్నప్పుడు పొరుగింటి నుండి ఒక పసిగొంతు చదవమని పాడినట్టు వినిపించడం, పునీత పౌలు రోమీయులకు వ్రాసిన లేఖ తెరవడం మీరు ఎన్నోసార్లు విన్నదే. 387 ఏప్రిలు 24 రాత్రి, పాస్కా జాగరణలో, అంబ్రోసువారి చేతుల మీదుగా ఆయన జ్ఞానస్నానం పొందారు. పక్కనే కొడుకు అదెయోదాతుసు, స్నేహితుడు అలిపియుసు ఉన్నారు. ఆ సంవత్సరమే మోనికమ్మ రోము దగ్గరి ఓస్తియ రేవులో కన్నుమూసింది.

మనసు మారాక, జ్ఞానస్నానానికి ముందే, ఆయన మొట్టమొదట వ్రాసిన పుస్తకాల్లో ఒకటి ఆ అకాడమీవారికి జవాబుగా వ్రాసింది. తాను దాటి వచ్చిన వాగు ఎంత లోతో ఆయనకు తెలుసు. సత్యం తెలియదు గాని సత్యానికి దగ్గరగా ఉన్నదాన్ని బట్టి నడుస్తామని వారనేవారు. ఒకరి తండ్రిని ఎన్నడూ చూడనివాడు, ఈ అబ్బాయి అచ్చం తండ్రి పోలికే అంటే నవ్వరా అని ఆయన అడిగారు. ఆ పుస్తకంలో ఒక కథ కూడా ఉంది. ఇద్దరు బాటసారులు దారి చీలిన చోటికి వచ్చారు. అక్కడున్న పల్లెటూరివాణ్ణి దారి అడిగి ఒకడు వెంటనే సాగిపోయాడు. రెండోవాడు, ఎవరు పడితే వారు చెబితే నమ్ముతానా అని నవ్వి అక్కడే నిలబడ్డాడు. కాసేపటికి మంచి దుస్తులు ధరించిన ఒకడు గుర్రం మీద వచ్చాడు. ఇతని మాట నమ్మదగినట్టుందని ఆ దారిన పోయాడు. ఆ గుర్రపువాడు మోసగాడు! మొదటివాడు ఎప్పుడో ఊరు చేరి విశ్రాంతి తీసుకుంటున్నాడు, రెండోవాడు అడవుల్లో తిరుగుతున్నాడు.

388లో ఆయన ఆఫ్రికాకు తిరిగి వచ్చారు. కొన్నాళ్ళకే కొడుకు చిన్నవయసులో మరణించాడు. 391లో హిప్పో పట్టణంలో గురువుగా అభిషేకం పొందారు. ఆ తర్వాత అక్కడే పీఠాధిపతియై 430 ఆగస్టు 28న, వాండలులు పట్టణాన్ని ముట్టడించి ఉన్న రోజుల్లో మరణించారు. 2025లో ఎన్నికైన పదునాలుగవ లియో పోపుగారు ఈ అగస్టీనువారి పేరున ఉన్న సన్యాస సభకు చెందినవారే.

హొనొరాతుసును గుర్తుంచుకోమన్నాను కదా. గురువైన కొత్తలో అగస్టీనువారు, తాను స్వయంగా తప్పుదారిలోకి లాగిన ఆ స్నేహితుని కోసం, నమ్మడంలో మేలు ఏమిటో వివరిస్తూ ఒక పుస్తకం వ్రాసి పంపారు. ఆ తర్వాత కొన్నేళ్ళకు, పీఠాధిపతి హోదాలో, మానీ వ్రాసిన ఒక లేఖకు జవాబు వ్రాశారు. దొనాతుసు వర్గంవారి విషయంలో ప్రభుత్వ బలాన్ని సమర్థించినంత కాఠిన్యం తర్వాతి కాలంలో ఆయనలో కనిపిస్తుంది గాని, ఈ జవాబు తీరు వేరు. సత్యాన్ని కనుక్కోవడం ఎంత కష్టమో, తప్పుల నుండి బయటపడడం ఎంత శ్రమో తెలియనివారు మీపై మండిపడితే పడనీయండి, నేను మాత్రం పడలేను అంటారాయన మానికేయులతో. తాను ఆ చీకటిలో తిరుగాడిన రోజుల్లో తనవారు తనపట్ల ఎంత ఓర్పు చూపారో అంత ఓర్పు తాను వారిపట్ల చూపవలసి ఉందని వ్రాసుకున్నారు.