జీన్ కృపా: చేతులను మరల దిద్దుకొనిన వాద్యకారుడు

మన కోడూరు ప్రాంతమున డప్పు మ్రోగని జాతర గాని, డోలు సన్నాయి లేని పెండ్లి గాని అరుదు. చల్లపల్లి మీదుగా పోయినచో కూచిపూడి వచ్చును; అచ్చట మృదంగము లేనిదే అడుగు పడదు. ఇంతటి చర్మవాద్యముల నడుమ పుట్టి పెరిగిన మన బాలురకు ఇటీవలి కాలమున క్రొత్త వాద్యమొకటి మిక్కిలి ప్రియమైనది. అది పాశ్చాత్యుల డ్రమ్ము సెట్టు. దేవాలయములలోను, వేడుకలలోను దానిని చూచి, పుల్లలు చేతికి దొరికినంతనే మ్రోగింప మొదలిడుచున్నారు. ఉత్సాహమునకు కొదువ లేదు. కాని పాట సగమైనను కాకముందే భుజములు పైకెగయుట, మణికట్లు బిగిసిపోవుట, ఒక డ్రమ్మునుండి మరియొక దానికి చేయి పోవులోపల తాళము జారుట మేము పలుమారు చూచితిమి. మన పాఠశాల కవాతులో ప్రక్క డ్రమ్ము మోయు బాలుడు మైదానము రెండు మార్లు చుట్టి వచ్చుసరికి చేయి విదిలించుకొనుచుండును. బలము చాలక అట్లగుచున్నదని వారు తలంచుచున్నారు. అది నిజము కాదని తెలుపుటకై జీన్ కృపా యను వాద్యకారుని చరిత్రమును ఈ సంచికలో వ్రాయ సంకల్పించితిమి.

ఈతని ఇంటిపేరు చూచి మన పాఠకులు కొందరు మురిసిపోవచ్చును. మన సంఘములలో కృపమ్మలు, కృపారావులు, కృపానందములు ఎందరో కలరు గదా! అయితే ఈ కృపాకు మన కృపతో చుట్టరికము లేదు. అది పోలండు దేశపు మాట. దంచి పొట్టు తీసిన ధాన్యపు నూకలని దాని యర్థము.

జీన్ కృపా 1909వ సంవత్సరము జనవరి 15వ తేదీన అమెరికాలోని చికాగో నగరమున జన్మించెను. తల్లిదండ్రులు పోలండు సంతతివారు, కతోలికులు. తొమ్మండుగురు బిడ్డలలో ఇతడు కడగొట్టువాడు. బాల్యముననే తండ్రి గతింపగా, తల్లి ఆడువారి టోపీలు కుట్టి బిడ్డలను సాకెను. బాలుడు ఒక సంగీత వాద్యముల దుకాణమున చిల్లర పనులకు కుదిరి, కూడబెట్టిన సొమ్ముతో ఏదైన నొక వాద్యము కొనదలచెను. ధరల పట్టికలో అన్నిటికంటె చౌకగా కనబడినవి డ్రమ్ములు. అందుచేత వానినే కొనెను. వేణువు చౌకగా నుండినచో ప్రపంచము ఒక వేణుగాయకుని చూచియుండెడిదేమో!

కడగొట్టు కుమారుడు గురువు కావలెనని తల్లి కోరిక. ఆ కోరికను మన్నించి 1924లో అతడు ఇండియానా రాష్ట్రమునందలి సెయింట్ జోసెఫ్ కళాశాలలో చేరెను. అచ్చట సంగీతము బోధించు ఫాదర్ ఇల్డెఫాన్స్ ర్యాప్ అను పెద్దమనిషి ఇతనికి శాస్త్రీయ సంగీతపు రుచి చూపెను. అయినను మనస్సు డ్రమ్ములపైననే నిలిచియుండుటచే, మరుసటి సంవత్సరమే చదువు చాలించి చికాగో చేరి నాట్యశాలలలో వాయింపసాగెను. తల్లి నొచ్చుకొనినను అడ్డుపెట్టలేదు.

అది జాజ్ సంగీతము వెల్లివిరియుచున్న కాలము. దక్షిణాదినుండి వచ్చిన నీగ్రో వాద్యకారులు చికాగోలో వాయించుచుండగా, ఈ శ్వేతజాతి యువకుడు రాత్రుల తరబడి వారి యెదుట కూర్చుండి, బేబీ డాడ్స్ వంటివారి చేతులను కన్నార్పక చూచెడివాడు. 1927 డిసెంబరులో మెకెంజీ, కాండన్ అనువారి బృందముతో మొదటి రికార్డులు ఇచ్చెను. పెద్ద డ్రమ్ము మ్రోగినచో రికార్డు చెక్కు సూది గాడి తప్పునని భయపడు ఆ దినములలో, పూర్తి డ్రమ్ము సెట్టు వినిపించిన తొలి రికార్డులలో అవి చేరినవి. అప్పటి కితని వయస్సు పదునెనిమిదేండ్లు.

1929లో కృపా న్యూయార్కు నగరము చేరెను. అచ్చటనే మేము ముఖ్యముగా చెప్పదలచిన ఘట్టము కలదు. పేరు వచ్చినది, పని దొరకినది, చేతిలో సొమ్ము ఆడుచున్నది. నాటకశాలల వాద్యబృందములలో చోటు లభించినది. కాని సంగీత లిపి చదువుట అతనికి సరిగా రాదు! ప్రక్కన ట్రాంబోను వాయించు గ్లెన్ మిల్లరు కష్టమైన పట్టులను మెల్లగా కూనిరాగము తీసి వినిపింపగా, వాని ననుసరించి ఎట్లో నెట్టుకొని వచ్చెడివాడు. చికాగోలో చూచి నేర్చిన విద్యకు ఎల్ల యెక్కడనో అతనికి ఆ దినములలో తెలిసివచ్చెను. పేరు పొందినవాడు మరల పలక పట్టుటకు సిగ్గుపడుట లోకసహజము. కృపా సిగ్గుపడలేదు. శాన్‌ఫర్డ్ మోలరు అను గురువును ఆశ్రయించెను.

ఈ మోలరు గారు 1878లో జన్మించిరి. అమెరికాలో 1861 మొదలు 1865 వరకు జరిగిన అంతర్యుద్ధమునందు సైన్యములతో నడచిన డ్రమ్ము వాద్యకారులు కొందరు ముసలివారై అప్పటికి జీవించియుండిరి. ఆ వృద్ధులు గంటల కొలది అలయక, ఫిరంగుల హోరులోను వినబడునంత గట్టిగా ఎట్లు వాయింపగలిగిరో తెలిసికొనగోరి మోలరు గారు వారి చేతుల కదలికలను పరిశీలించిరి. అట్లు గ్రహించినదానిని 1925లో గ్రంథముగా వెలువరించిరి. మాటలతో తృప్తి పడక, 1930లో న్యూయార్కు నుండి బోస్టను వరకు రెండువందల మైళ్లకు పైబడిన దూరము డ్రమ్ము వాయించుచు నడచి చూపిరి.

ఆ విద్య యేమి? చేతిలోనున్న పుల్లను మణికట్టు బలముతో క్రిందికి నొక్కి కొట్టరాదు. మొదట మోచేయి లేచును, దానివెంట ముంజేయి, దానివెంట మణికట్టు, కడపట పుల్లకొన. మరల దిగునప్పుడును అదే వరుస. బండివాడు చెర్నాకోల ఝళిపించుట చూడుడు. అతడు త్రాటికొనను పట్టి విసరునా? పిడి మాత్రము కదల్చును. కదలిక ప్రాకిపోయి కొనయందు పేలును. హంసలదీవి వైపు విసురు వల వేయు బెస్తవాని చూచినను ఇదియే కనబడును. వ్రేళ్ల బలముతో వల విచ్చుకొనదు. నడుమునుండి భుజమునకు, భుజమునుండి చేతికి పాకిన ఊపే దానిని గుండ్రముగా నీటిపై పరచును. బిగబట్టిన చేతితో వేసినచో వల ముద్దగా పడును.

రెండవ రహస్యము ఇంతకంటె సూక్ష్మమైనది. బిగించిన తోలుపై పడిన పుల్ల తానై పైకి ఎగురును. తెలియనివాడు దానిని పట్టి ఆపి, మరల తన బలముతో ఎత్తును. కనుక ప్రతి దెబ్బకు రెండింతల శ్రమ. తెలిసినవాడు పుల్లను ఎగురనిచ్చును. అంతియే గాక, చేయి పైకి లేచుచున్నపుడే పుల్లకొనతో మెల్లని దెబ్బయొకటి తీయును. అనగా లేచుట వృథా పోదు. చేయి ఒక్కసారి దిగి లేచునంతలో గట్టి దెబ్బయొకటి, మెత్తనివి ఒకటి రెండు పుట్టును. వినువానికి మూడు దెబ్బలు, వాయించువానికి ఒక్క కదలిక.

డ్రమ్ము సెట్టు విషయమున దీని ప్రయోజనము మరింత అధికము. మృదంగము ఒడిలో కదలక యుండును, వ్రేళ్లే నాట్యమాడును. డ్రమ్ము సెట్టులో అట్లు కాదు. రెండు మోకాళ్ల నడుమ స్నేరు డ్రమ్ము, దాని ముందు చిన్న టామ్, కుడిప్రక్క నేలపై పెద్ద టామ్, పైన తాళపు పళ్లెములు. కాళ్లకు పెద్ద డ్రమ్మొకటి, జంట తాళములొకటి. ఒకదానినుండి మరియొక దానికి చేయి పోవలెను. పోవుటకు వేళ యెక్కడ? దెబ్బకు దెబ్బకు నడుమ, పుల్ల పైకి లేచు ఆ క్షణమే వేళ. స్నేరు డ్రమ్ముపై కొట్టి, చేతిని వెనుకకు తీసికొని, పిదప టామ్ వైపు సాగించువాడు ఆలస్యమగును. పుల్ల ఎగిరినపుడే మోచేయి టామ్ వైపు తిరిగినచో, దిగునప్పుడు దెబ్బ అచ్చటనే పడును. భుజములు కదల నక్కర లేదు, నడుము కొద్దిగా తిరిగిన చాలును. చేతులు ఒకదానికొకటి అడ్డుపడకుండ ఏ చేయి ముందు పోవలెనో ముందుగనే తెలిసియుండవలెను. ఇది యంతయు మొదట మిక్కిలి నెమ్మదిగా చేయవలసిన పని. వడిగా మొదలిడినవాడు తన పాత తప్పునే వడిగా చేయును.

కృపా రాత్రులు పని చేయుచు, పగళ్లు రబ్బరు తాపిన పలకపై గంటల కొలది ఈ సాధన చేసెను. డబ్బు తెచ్చు చేతిని విప్పి మరల కుట్టుకొనుట సామాన్యమైన పని కాదు. కొంతకాలము పాతదియు పోవును, క్రొత్తదియు రాదు. అట్టి కాలమును ఓర్చుకొనుటయే ఇతని జీవితమున గొప్ప సంగతియని మా అభిప్రాయము. తరువాత వచ్చిన కీర్తి అందరెరిగినదే.

1934 డిసెంబరులో బెన్నీ గుడ్‌మన్ బృందమున చేరెను. 1935 ఆగస్టు 21న లాస్ ఏంజిల్స్ నగరమందలి పాలొమార్ నాట్యశాలలో ఆ బృందము పొందిన విజయముతో స్వింగ్ సంగీతము దేశమంతట వ్యాపించెను. 1937 జూలైలో సింగ్ సింగ్ సింగ్ అను రచనను రికార్డు చేసిరి. అది ఒక ప్రక్కకు చాలక రెండు ప్రక్కలు నిండెను. అందు ఆసాంతము వినబడునది కృపా టామ్ డ్రమ్ముల మ్రోత. ఈ సంగీతము మా చెవులకు కొంత గట్టిదేయని ఒప్పుకొందుము. కాని ఆ మ్రోతలో ఒక్క దెబ్బయు తడబడదు. పూర్వము టామ్ డ్రమ్ముల తోలును మేకులతో బిగించుటచే శ్రుతి చేయుటకు వీలులేకుండెను. కృపా కోరికపై స్లింగర్‌లాండు కంపెనీవారు 1936 ప్రాంతమున ఇరుప్రక్కల శ్రుతి చేయదగిన టామ్‌లను తయారుచేసిరి. నేటి డ్రమ్ము సెట్టు రూపము చాలవరకు ఆ దినములలో కుదిరినదే.

అదే 1937లో, మే 11వ తేదీన, న్యూయార్కులోని సావోయ్ నాట్యశాలలో గుడ్‌మన్ బృందమునకును చిక్ వెబ్ బృందమునకును పోటీ జరిగెను. వెబ్ నీగ్రో జాతీయుడు. బాల్యమున వెన్నెముకకు క్షయ సోకుటచే గూనివాడై, మిక్కిలి పొట్టివాడై యుండెను. ఎత్తైన వేదికపై కూర్చుండి, తనకొరకు ప్రత్యేకముగా చేయించిన పెడళ్లతో వాయించెడివాడు. అట్టి దేహమున వృథా కదలిక కొకదానికైనను చోటు లేదు. ఆ రాత్రి వేలాది జనము చూచుచుండగా వెబ్ గెలిచెను. దేశమున మొదటి వాద్యకారుడని పేరొందిన కృపా అందరియెదుట ఆ చిన్న మనిషికి తల వంచి నమస్కరించెను. తానింత చక్కగా ఎన్నడును ఓడిపోలేదని పిమ్మట చెప్పుకొనెను. వెబ్ రెండేండ్లకే, 1939లో, మరణించెను.

1938 జనవరి 16న కార్నెగీ హాలులో జరిగిన ప్రసిద్ధ కచేరి పిమ్మట, కొలది వారములకే కృపా గుడ్‌మన్‌ను విడిచి స్వంత బృందము స్థాపించెను. 1941లో రాయ్ ఎల్డ్రిడ్జ్ అను నీగ్రో ట్రంపెట్టు విద్వాంసుని అందు చేర్చుకొనెను. జాతిభేదము కరడుగట్టిన ఆ దినములలో ఎల్డ్రిడ్జ్‌కు భోజనశాలలలోను, బసలలోను అవమానములు తప్పలేదు. కృపా అతని పక్షము విడువలేదు. 1943లో గంజాయి వ్యవహారమున పట్టుబడి 84 దినములు చెరసాలలో నుండెను. తరువాత పై న్యాయస్థానము ముఖ్యమైన శిక్షను కొట్టివేసెను. పిల్లలు చదువు పత్రికలో ఈ సంగతి వ్రాయుట తగునా యని మేము కొంత తటపటాయించితిమి. కాని దాచిన చరిత్రము చరిత్రము కాదు.

1954లో కోజీ కోల్ అను తోటి వాద్యకారునితో కలిసి న్యూయార్కున డ్రమ్ము పాఠశాల తెరచెను. తాను గురువునొద్ద పొందినదానిని ఇతరులకు పంచసాగెను. 1960లో గుండెజబ్బు వచ్చినది. ఆ యేడే మోలరు గారును గతించిరి. అటుపిమ్మట కృపా పని తగ్గించుకొని, ఇంటియొద్ద వీధి పిల్లలకు బేస్‌బాల్ ఆట నేర్పుచు కొంతకాలము గడపెను. 1970లో మరల వేదిక నెక్కెను. 1973 ఆగస్టులో పాత మిత్రులైన గుడ్‌మన్, టెడ్డీ విల్సన్, లయొనెల్ హ్యాంప్టన్‌లతో కలిసి చివరిసారి వాయించెను. అప్పటికే రక్తమునకు సంబంధించిన క్యాన్సరు ముదిరినది. అక్టోబరు 16న యాంకర్సు పట్టణమునందలి స్వగృహమున మరణించెను. చికాగో సమీపమున కాల్యుమెట్ నగరపు కతోలిక శ్మశానవాటికలో ఆయనను సమాధి చేసిరి.