పళ్ల డాక్టరు చీటీలో మన సుబ్బారావు

చిగుళ్ల నుంచి రక్తం కారుతోందనో, పన్ను కదులుతోందనో పళ్ల డాక్టరు దగ్గరకు వెళితే ముందు గార గీకుతారు. జబ్బు బాగా ముదిరితే కొందరికి చీటీ మీద డాక్సీసైక్లిన్ వంటి మందు కూడా రాస్తారు. అది టెట్రాసైక్లిన్ జాతి. ఆ జాతిలో తొలి మందు 1948లో అమెరికాలోని లెడర్లీ కంపెనీ ప్రయోగశాల నుంచి బయటికొచ్చింది. అప్పట్లో ఆ కంపెనీ పరిశోధనలన్నిటికీ పెద్ద ఒక గోదావరి జిల్లా మనిషి. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. పళ్ల వైద్యం ఆయన రంగం కాదు. అయినా చిగుళ్ల జబ్బు కథలో ఆయన చేయి ఉంది.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు చదువు మీద ధ్యాస తక్కువ. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడిద్దామని 13వ ఏట ఇల్లు విడిచి బయల్దేరితే, తల్లి వెంకమ్మ వెతికి పట్టుకుని వెనక్కి తెచ్చారని చెబుతారు. తండ్రి జగన్నాథం పోయాక ఆవిడే నగలమ్మి చదివించారు. మెట్రిక్ రెండుసార్లు పోయింది. మూడోసారి మద్రాసు వచ్చి ట్రిప్లికేన్ హిందూ హైస్కూల్ నుంచి రాసి గట్టెక్కారు. ఇప్పుడు తిరువల్లిక్కేణిలో తిరిగే మనవాళ్లకు ఆ బడి తెలిసిందే.

ఆ తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ. అక్కడ లెక్కల్లో రాణించినా మనసు సన్యాసం మీదికి పోయింది. రామకృష్ణ మిషన్‌లో చేరతానన్నారు. తల్లి ససేమిరా అన్నారు. వైద్యం నేర్చుకుంటే జనానికి సేవ చేయవచ్చని మిషన్ పెద్దలు నచ్చజెప్పడంతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. అవి స్వదేశీ ఉద్యమం రోజులు. సర్జన్ల గౌను బదులు ఖద్దరు తొడిగారు. తెల్ల ప్రొఫెసరుకు అది కంటగింపైంది. ఫలితంగా ఎంబీబీఎస్ రాలేదు, దానికంటే తక్కువైన ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టారు. ప్రభుత్వ ఉద్యోగానికి ఆ పట్టా పనికి రాలేదు.

ఇంటిని కమ్మిన సంగ్రహణి

ఈ మధ్యలోనే ఇంట్లో పిడుగు పడింది. అన్న పురుషోత్తం, మరో సోదరుడు కృష్ణమూర్తి స్వల్ప వ్యవధిలో ఒకరి తర్వాత ఒకరు పోయారు. జబ్బు స్ప్రూ. మనవాళ్లు సంగ్రహణి అనే తరహా రోగం. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, నాలుక పూసి నోరు పుండవుతుంది, రక్తం పలచనవుతుంది. అదే జబ్బు సుబ్బారావుకూ సోకింది. ఆచంట లక్ష్మీపతి ఇచ్చిన ఆయుర్వేద మందుతో బతికి బయటపడ్డారు. తర్వాత మద్రాసులో లక్ష్మీపతి ఆయుర్వేద కాలేజీలోనే పాఠాలు చెప్పారు. అన్నదమ్ముల్ని తినేసిన రోగానికి మందేమిటన్న ప్రశ్న మాత్రం ఆయన్ను వదల్లేదు.

1920ల తొలినాళ్లలో అమెరికా ప్రయాణం. మామగారు కొంత సొమ్ము సమకూర్చారు. యానాం పక్కనే ఉన్న కాకినాడలో మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామంది. 1919లో పెళ్లాడిన భార్య శేషగిరిని ఇక్కడే వదిలి బోస్టన్ చేరారు. మళ్లీ తిరిగి రాలేదు. ఆ ఇల్లాలి ఎదురుచూపు గురించి ఈయన మీద రాసినవాళ్లు రెండు ముక్కల్లో తేల్చేయడం అన్యాయమే.

బోస్టన్‌లో చేతిలో డబ్బు లేదు. రాత్రిళ్లు ఆస్పత్రిలో కూలి పని చేస్తూ పగలు హార్వర్డ్‌లో చదివారు. సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. ద్రవంలో మాలిబ్డేట్ కలిపి, నీలిరంగు ఎంత ముదిరిందో చూసి భాస్వరం లెక్కగడతారు. మన గారకూ దీనికీ సంబంధం ఉంది. పళ్ల మీది మెత్తని పాచి, లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ పట్టి గట్టిపడితేనే గార. లాలాజలంలో ఫాస్ఫేట్ కొలవాల్సిన దంత పరిశోధకులకు ఈ పద్ధతి చాలాకాలం చేతి పనిముట్టు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ.. కండరానికి శక్తి ఎక్కడిదో చెప్పిన పనులివి. 1930లో డాక్టరేట్ వచ్చింది. హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం మాత్రం రాలేదు.

మట్టిలో దొరికిన పసిడి

1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీకి పరిశోధన డైరెక్టరుగా వెళ్లారు. ఎనిమిదేళ్లలో ఆయన బృందం చేసిన పని చూస్తే ఆశ్చర్యమేస్తుంది. 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేశారు. అది స్ప్రూ రోగులకు పనిచేసింది. అన్నదమ్ములు పోయి పాతికేళ్లు దాటాక మందు దొరికింది! 1947లో బోదకాలు పురుగు మీద పనిచేసే హెట్రజాన్. 1948లో సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సర్ పిల్లలపై వాడి కొంతకాలం గుణం చూసిన అమినోప్టెరిన్ కూడా ఇక్కడిదే.

టెట్రాసైక్లిన్‌ను సుబ్బారావే కనుగొన్నారని మనవాళ్లు అభిమానంతో రాసేస్తుంటారు. నిజానికి తొలి మందును పట్టుకున్నది బెంజమిన్ డగ్గర్. విస్కాన్సిన్‌లో రిటైరై, 70 దాటిన వయసులో లెడర్లీలో చేరిన వృక్షశాస్త్రవేత్త. దేశం నలుమూలల నుంచి మట్టి తెప్పించి వడపోయగా, మిస్సోరీ విశ్వవిద్యాలయం పొలం మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవి దొరికింది. అందుకే మందుకు ఆరియోమైసిన్ అని పేరు. ఆ పరిశోధనకు దారి వేసి, మనుషుల్ని, వనరుల్ని నిలబెట్టింది సుబ్బారావు. ఆ గొప్ప చాలదా?

1948 జులైలో ఆరియోమైసిన్‌ను లోకానికి ప్రకటించారు. కొన్ని వారాలకే, ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి పోయారు. ఆయన బొమ్మతో మన తపాలా శాఖ స్టాంపు వేసింది 1995లో.

చిగుళ్ల దాకా ఎలా వచ్చింది?

మందు మాత్రం ఆయనతో ఆగలేదు. డాక్సీసైక్లిన్ వచ్చింది. లెడర్లీలోనే మినోసైక్లిన్ పుట్టింది. పాతకాలంలో పయోరియా అన్న చిగుళ్ల జబ్బును ఇప్పుడు పెరియోడాంటైటిస్ అంటున్నారు. గారలో చేరిన సూక్ష్మజీవులే దీన్ని రాజేసినా, అసలు నష్టంలో చాలా భాగం మన ఒంటి చలవే. సూక్ష్మజీవుల్ని తరమడానికి వచ్చిన కణాలు వదిలే కొలాజినేజ్ అనే ఎంజైమ్, పంటిని పట్టి ఉంచే కొలాజెన్ నారల్ని కూడా కొరికేస్తుంది. ఎముక కరుగుతుంది, పన్ను కదులుతుంది. దొంగను తరుముతూ సొంత పందిరి పీకేసుకున్నట్టు.

1983లో న్యూయార్క్ స్టోనీబ్రూక్‌లో లోర్న్ గోలబ్ బృందం ఒక సంగతి గమనించింది. షుగరు తెప్పించిన ఎలుకల చిగుళ్లలో ఈ ఎంజైమ్ ఎక్కువైంది. మినోసైక్లిన్ ఇస్తే తగ్గింది. సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల్లోనూ తగ్గింది! అంటే మందు క్రిముల్ని చంపడమే కాదు, ఎంజైమ్‌ను కూడా అడ్డుకుంటోందన్న మాట. తర్వాత క్రిముల్ని చంపే గుణం తీసేసిన టెట్రాసైక్లిన్ తయారు చేసి చూశారు. అదీ ఎంజైమ్‌ను అడ్డుకుంది.

దీని ఆధారంగా మామూలు 100 మిల్లీగ్రాముల మోతాదు కాకుండా, 20 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్‌ను రోజుకు రెండుసార్లు, గార తీశాక తోడుగా వాడేందుకు 1998లో అమెరికా ప్రభుత్వం అనుమతిచ్చింది. అంత తక్కువ మోతాదు క్రిముల్ని చంపదు.

అయితే నిపుణుల్లో ఏకాభిప్రాయం లేదు. 2015లో అమెరికా దంతవైద్యుల సంఘం ఈ చిన్న మోతాదుకు అనుకూలంగా చెప్పింది. 2020లో ఐరోపా చిగుళ్ల వైద్యుల సమాఖ్య వద్దని సూచించింది. గార తీసి, వేళ్లదాకా శుభ్రం చేయడమే అసలు వైద్యమన్న దానిలో మాత్రం ఇద్దరికీ తేడా లేదు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు టెట్రాసైక్లిన్ ఇస్తే ఎదుగుతున్న పళ్లకు పసుపు, గోధుమ మరకలు పడతాయి. అందుకే షాపులో అడిగి కొనుక్కునే మందు కాదిది, డాక్టరు చూసి రాయాల్సిందే.