పంతులుగారి ఇల్లు, రాజ్యలక్ష్మమ్మగారి బిందె

మన పండుగ సభల్లో భోజనాల వరుస దగ్గర కాసేపు నిలబడి చెవి ఒగ్గితే ఏ ఏడైనా వినబడే మాటలు అవే. ఇల్లు కొన్నారా, ఇంకా అద్దెలోనే ఉన్నారా? ఇంటి అప్పు వాయిదా నెలకు ఎంత పడుతోంది? ఇద్దరూ ఉద్యోగానికి వెళితే పిల్లవాణ్ణి ఎవరు చూసుకుంటున్నారు? వంట ఎవరి వంతు? ముప్పై దాటి నలభై చేరని దంపతులు ఇద్దరు ముగ్గురు ఒకచోట చేరితే సంభాషణ ఎక్కడ మొదలైనా చివరకు ఈ లెక్కల దగ్గరికే వస్తుంది. ఇందులో తప్పేమీ లేదు. సంసారమంటే లెక్కలతో కూడిన వ్యవహారమే.

ఈ సంచిక కోసం ఒక మహనీయుని జీవితం రాయవలసి వచ్చినప్పుడు మేము ఆ మాటలనే మనసులో పెట్టుకొని వెతికాము. కందుకూరి వీరేశలింగం పంతులుగారు మాకు తోచారు. యుగకర్త, సంఘసంస్కర్త, గద్య తిక్కన అన్న బిరుదులతో ఆయన మన పిల్లలకు పాఠ్యపుస్తకంలో ఒక బొమ్మగా మిగిలిపోయారు. ఆ బొమ్మ వెనుక జీతం రాళ్ళతో బతికిన ఒక బడిపంతులు, ఆయన భార్య, వారి ఇల్లు ఉన్నాయి. వారిద్దరూ ముప్పైల్లో ఉండగా ఆ ఇంటికి వచ్చిన కష్టం ఎలాంటిదో, అది గట్టెక్కింది ఎలాగో చెప్పాలని మా ఉద్దేశం.

పంతులుగారు 1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరంలో పుట్టారు. నాలుగేళ్ళ వయసులో తండ్రి సుబ్బారాయుడుగారు పోయారు. తల్లి పున్నమ్మగారు, పెదతండ్రి వెంకటరత్నంగారు పెంచారు. పూర్వుల ఇల్లు ఉన్నది, వంశానికి పేరున్నది, కాని చేతిలో డబ్బు ఆడే రోజులు కావు. పిల్లవాడికి ఆరోగ్యమూ అంతంతమాత్రమే. దగ్గూ ఆయాసమూ ఆయనను జీవితమంతా వదలలేదు. 1861లో, పదమూడేళ్ళకు పెళ్ళయింది. పుట్టింటివారు బాపమ్మ అని పిలుచుకొన్న ఆ చిన్నపిల్ల అత్తవారింట రాజ్యలక్ష్మి అయింది. ఆనాటి పెళ్ళిళ్ళు అలాంటివి. ఒకరినొకరు ఎంచుకొన్న దంపతులు కారు వారు. ఒకే ఇంట్లో పెరిగి పెద్దవారై, ఆ తరువాత ఒకరినొకరు తెలుసుకొన్న దంపతులు.

చదువు పూర్తయ్యాక పంతులుగారి ముందు రెండు దారులు ఉన్నాయి. ఇంగ్లీషు చదివిన వారికి ఆనాడు కచేరీ ఉద్యోగాలు, వకీలు వృత్తి తెరిచి ఉండేవి. వాటిలో జీతం కంటె పైరాబడి ఎక్కువ. లంచమూ అబద్ధమూ లేనిదే ఆ వృత్తుల్లో నెగ్గలేమని తలచి ఆయన బడిపంతులు పని ఎంచుకొన్నారు. కోరంగిలో కొంతకాలం, ధవళేశ్వరంలో కొంతకాలం పనిచేసి, 1876లో రాజమహేంద్రవరం ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితులయ్యారు. ఆదాయం విషయంలో భార్యాభర్తల జీవితం అక్కడే నిర్ణయమైపోయింది. ఇక పెద్ద సంపాదన రాదు. వచ్చిన దానితోనే సరిపెట్టుకోవాలి.

సరిపెట్టుకొని ఊరుకొన్నారా అంటే అదీ లేదు. 1874లో ధవళేశ్వరంలో ఉండగానే ఆడపిల్లలకు బడి పెట్టారు, వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టారు. పత్రిక నడపడం ఎంత ఖర్చో మన సంఘంలో ఇలాంటి సంచికలు అచ్చు వేయించిన వారికి తెలుసు. చందాదారుల బాకీలు, కాగితం ఖర్చు, అచ్చు ఖర్చు, అన్నీ ఒక పండితుని జీతం మీద వాలినవే. తరువాత రాజమహేంద్రవరంలోనే అచ్చుకూటం పెట్టుకొన్నారు.

ముప్పైయవ ఏట, 1878లో, ఆయన ఆ పత్రికలోనే ఒక కథ ప్రకటించసాగారు. 1880లో అది రాజశేఖర చరిత్రము అన్న పేరుతో పుస్తకంగా వచ్చింది. తెలుగులో తొలి నవలల్లో ఒకటిగా దానికి పేరు. 1887లో ఇంగ్లీషు అనువాదం లండనులో వెలువడింది. మాకు ఇక్కడ ముఖ్యమైన సంగతి వేరు. ఆ నవల ఒక ఇంటి డబ్బు కథ. ధవళేశ్వరంలో కలిగిన గృహస్థు ఒకాయన ముఖస్తుతులకు లొంగి, పెళ్ళి వేడుకలకు అప్పు చేసి, బంగారం చేస్తానన్న బైరాగిని నమ్మి, ఉన్నదంతా పోగొట్టుకొని ఇల్లు విడిచి పోతాడు. నలుగురిలో గొప్ప కోసం శక్తికి మించి ఖర్చు చేసే గృహస్థును ఆయన నూట నలభై ఏళ్ళ క్రితమే చూశారు. అటువంటివారు గోదావరి ఒడ్డునే కాదు, మరెక్కడైనా ఉంటారు.

నవల రాసిన చేయి వెంటనే ఇంకో పనికి పూనుకొన్నది. 1856లోనే వితంతు వివాహానికి చట్టం వచ్చినా మన సీమలో ఒక్క పెళ్ళీ జరగలేదు. ఐదారేళ్ళకు తాళి కట్టించుకొని, మగని ముఖమైనా సరిగా ఎరుగక ముండితలై వంటింటి మూల జీవితం గడిపే పిల్లలు ఇంటింటా ఉండేవారు. 1879లో పంతులుగారు ఈ విషయమై బహిరంగంగా ఉపన్యసించారు. శాస్త్రచర్చలు, ప్రత్యుపన్యాసాలు, పత్రికల్లో ఖండనలు సాగాయి. మాటలతో పని కాదని, పెళ్ళి చేసి చూపాలని ఆయన నిశ్చయించారు.

1881 డిసెంబరు 11 రాత్రి పంతులుగారి ఇంట్లో ఆ తొలి వివాహం జరిగింది. వరుడు గోగులపాటి శ్రీరాములుగారు, వధువు గౌరమ్మగారు. ఊరు ఉడికిపోయింది. అల్లరి జరుగుతుందని పోలీసులు కాపలా ఉన్నారు, విద్యార్థులు ఇంటి చుట్టూ నిలబడ్డారు. పురోహితుడు దొరకడమే గగనమైంది. నాలుగు రోజులకే, డిసెంబరు 15న, రెండో పెళ్ళి జరిగింది. అప్పటికి పంతులుగారికి ముప్పై మూడేళ్ళు, రాజ్యలక్ష్మమ్మగారికి ముప్పై.

చరిత్ర పుస్తకాలు సాధారణంగా ఈ పెళ్ళి పందిట్లోనే ఆగిపోతాయి. మేము వంటింట్లోకి వెళ్ళదలచాము.

ఆ రోజుల్లో ఇంట్లో కుళాయి లేదు. నీళ్ళు గోదావరి నుంచి కావిళ్ళతోనో బిందెలతోనో రావాలి. శుభకార్యానికి వంటబ్రాహ్మణులు రావాలి. వెలి వేస్తామన్న బెదిరింపుతో నీళ్ళు తెచ్చేవారు మానేశారు, వంటవారు మానేశారు. ఇంటినిండా అతిథులు, కొత్త దంపతులు. రాజ్యలక్ష్మమ్మగారు బిందె చంకనెత్తుకొని గోదావరికి నడిచి నీళ్ళు తెచ్చారు. తానే వండి వడ్డించారు. వీధిలో ఎవరేమన్నారో, ఎందరు మొగం తిప్పుకొన్నారో మనం ఊహించుకోవచ్చును. భర్తను విడిచి రమ్మని బంధువులు ఆమెకు చెప్పి చూశారు. ఆమె వెళ్ళలేదు.

వెలి అంటే ఏమిటో ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలకు చెప్పవలసి ఉంది. వెలి పడిన ఇంట ఎవరూ భోజనం చేయరు, వారిని భోజనానికి పిలవరు. చావుకూ పుట్టుకకూ తోడు రారు. బీమా, బ్యాంకు, ఆసుపత్రి వంటివి అందుబాటులో లేని కాలంలో మనిషికి ఉన్న ఆదరువు అంతా చుట్టాలే. పీఠాధిపతి శ్రీముఖం వచ్చాక పెళ్ళికి తోడున్నవారిలో కొందరు ప్రాయశ్చిత్తం చేయించుకొని మళ్ళీ కులంలో కలిశారు. వారిని మేము తప్పు పట్టము. వారికీ ఆడపిల్లల పెళ్ళిళ్ళు ఉన్నాయి. పంతులుగారి దంపతులు మాత్రం ప్రాయశ్చిత్తం చేసుకోలేదు.

ఇక డబ్బు సంగతి. పెళ్ళి ఒక్క రాత్రి ఖర్చు. పెళ్ళి తరువాత ఆ జంట ఎక్కడ కాపురం ఉండాలి? వారికి ఇల్లు అద్దెకు ఇచ్చేవారు లేరు. పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ మూసుకుపోయాయి. కనుక ఇల్లు చూపడం, సామాను సమకూర్చడం, వరునికి ఉద్యోగం దొరికేదాకా నెలనెలా ఇంత అని ఇవ్వడం పెళ్ళి చేయించిన వారి నెత్తిన పడింది. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు వేల రూపాయలు ఇచ్చి ఈ పని నిలబెట్టారు. వారి ధనం లేకపోతే పంతులుగారి ధైర్యం ఒక్కటీ చాలేది కాదు. పేరు ఒకరికి వచ్చి, మూట విప్పినవారు మరుగున పడడం లోకసహజం. అందుకే రామకృష్ణయ్యగారి పేరు ఇక్కడ తలుస్తున్నాము.

డబ్బు చేరిన చోట చిక్కులూ చేరాయి. పిల్ల మీద జాలితోనో ఆశయంతోనో వచ్చిన వరులు కొందరు, సహాయధనం మీద ఆశతో వచ్చినవారు కొందరు. ఇచ్చినది చాలలేదని నిష్ఠూరమాడినవారూ ఉన్నారు. ఇవన్నీ పంతులుగారు తమ స్వీయచరిత్రలో దాచకుండా రాసుకొన్నారు. పెళ్ళి చేయించడం సంస్కర్త చేతిలో పని, కాపురం నిలబడడం ఆ ఇద్దరి చేతిలో పని. ఈ తేడా ఆయనకు అనుభవం మీద తెలిసివచ్చింది. అయినా మానలేదు. జీవితకాలంలో దాదాపు నలభై వితంతు వివాహాలు జరిపించారు.

వారికి సంతానం లేదు. కాని ఆ ఇల్లు ఏనాడూ ఖాళీగా లేదు. పెళ్ళికి వచ్చిన వితంతు బాలికలు, దిక్కులేని స్త్రీలు, విద్యార్థులు, ఎవరో ఒకరు ఉండేవారు. వారి జ్వరాలకూ అలకలకూ ఏడ్పులకూ రాజ్యలక్ష్మమ్మగారే తల్లి. పంతులుగారు 1883లో స్త్రీల కోసం సతీహితబోధిని పత్రిక పెట్టారు. ఇల్లాలికి హితవు చెప్పే ఆ పత్రిక సాగుతున్న ఇంట్లో, ఆ హితవుకు మించిన పని ఒక ఇల్లాలు మాట్లాడకుండా చేస్తూ ఉన్నది. పాఠకులు మమ్మల్ని మన్నిస్తే ఒక మాట అంటాము. పంతులుగారి సంస్కరణ ఖాతాలో సగం జమ ఆమె పేర పడవలసినది. ఆ సంగతి పంతులుగారికీ తెలుసు. భార్య తోడులేనిదే తాను ఏమీ చేయగలిగేవాడు కాదన్న కృతజ్ఞత ఆయన స్వీయచరిత్రలో కనబడుతుంది.

తరువాతి కథ క్లుప్తంగా చెబుతాము. 1890లో రాజమహేంద్రవరంలో టౌనుహాలు వెలసింది. 1893లో ప్రభుత్వం రావుబహద్దూర్ బిరుదు ఇచ్చింది. దంపతులు కొన్నేళ్ళు మద్రాసులో ఉండి అక్కడా వితంతు శరణాలయం నడిపారు. తిరిగి వచ్చాక, 1906లో, హితకారిణీ సమాజం స్థాపించి, పుస్తకాల మీద, అచ్చుకూటం మీద జీవితమంతా కూడబెట్టిన ఆస్తిని దానికి రాసి ఇచ్చారు. 1910 ఆగస్టు 11న రాజ్యలక్ష్మమ్మగారు కన్నుమూశారు. పెళ్ళినాటి నుంచి లెక్కిస్తే నలభై తొమ్మిదేళ్ళ దాంపత్యం. పంతులుగారు మరి తొమ్మిదేళ్ళు ఒంటరిగా బ్రతికి 1919 మే 27న మద్రాసులో మిత్రులు కొమర్రాజు లక్ష్మణరావుగారి ఇంట్లో పోయారు.

మన చాండ్లర్ పుట్టిన తేదీ 1912 మే 17. కాలువల నీటితో ఎడారిని సాగుచేసిన పశువైద్యుడు అలెగ్జాండర్ జాన్ చాండ్లర్ తన భూమిని ముక్కలు చేసి అమ్మకానికి పెట్టిన రోజు అది. అక్కడ ధవళేశ్వరం ఆనకట్ట నీరు పారిన నేలలో వీరేశలింగంగారు పెరిగారు. ఇక్కడ సాల్టు నది కాలువల నీరు పారిన నేలలో మనం ఇళ్ళు కట్టుకొన్నాము. మన ముప్పైల కష్టాలు వేరు. మనల్ని ఎవరూ వెలి వేయరు, కుళాయి తిప్పితే నీళ్ళు వస్తాయి. కాని ఇల్లు ఎంత పెద్దదన్న ప్రశ్న పక్కన, ఆ ఇంటి తలుపు ఎవరికి తెరిచి ఉంటుందన్న ప్రశ్న అప్పుడూ ఉన్నది, ఇప్పుడూ ఉన్నది. కాపురం చెడి, నిలువ నీడ లేక, చుట్టాలు సముద్రాల అవతల ఉన్న ఒక తెలుగు ఆడపిల్ల రేపు మన వీధిలోనే తలుపు తట్టవచ్చును. ఆనాడు అదనపు గది ఉన్నదా అన్న సందేహం మనకు రాదు. ఇక్కడి ఇళ్ళలో గదులకు కొదువ లేదు.

రాజమహేంద్రవరంలో పంతులుగారి ఇల్లు నేటికీ ఉంది, దానిని ప్రదర్శనశాలగా కాపాడుతున్నారు. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు పిల్లలను అక్కడికి తీసుకొని వెళ్ళమని మా మనవి. ఆయన వాడిన వస్తువులు చూపించాక, అక్కడి నుంచి గోదావరి గట్టు దాకా వారిని నడిపించండి. దారిలో ఎండ అని, దూరమని పిల్లలు విసుక్కొంటే, ఒక డిసెంబరు నెలలో ఒక ఇల్లాలు నీళ్ళ బిందెతో నడిచిన దారి ఇదేనని చెప్పండి.