తుపానులో తీరం – జాన్ న్యూటన్

పద్దెనిమిదవ శతాబ్దంలో లివర్‌పూల్, బ్రిస్టల్, లండన్ రేవుల నుండి బయలుదేరే నౌకలలో కొన్నింటి యాత్ర మూడు మజిలీలుగా సాగేది. వస్త్రాలు, తుపాకులు, మద్యం నింపుకొని అవి ఆఫ్రికా పశ్చిమ తీరానికి వెళ్ళేవి. అక్కడ ఆ సరుకులిచ్చి మనుషులను కొనేవి. సంకెళ్ళు వేసిన ఆ మనుషులను అట్లాంటిక్ సముద్రం దాటించి, వెస్టిండీస్ దీవులలోను అమెరికాలోను అమ్మి, చక్కెర, పొగాకు వంటి సరుకులతో స్వదేశం చేరేవి. ఆనాటి చట్టం ఈ వ్యాపారాన్ని తప్పుపట్టలేదు. మతపెద్దలలో అనేకులూ తప్పుపట్టలేదు. అటువంటి నౌకలకు అధిపతిగా పనిచేసి, తరువాత క్రైస్తవ బోధకుడై, వృద్ధాప్యంలో ఆ వ్యాపారానికి విరుద్ధంగా సాక్ష్యం పలికినవాడు జాన్ న్యూటన్.

న్యూటన్ 1725వ సంవత్సరంలో లండన్ నగరంలోని వాపింగ్ ప్రాంతంలో జన్మించాడు. తండ్రి వర్తక నౌకను నడిపేవాడు. తల్లి ఎలిజబెత్ భక్తురాలు. కుమారుడు దైవసేవకుడు కావాలని ఆమె కోరుకున్నది. చిన్ననాటనే అతనికి చదువు చెప్పి, స్తోత్రగీతాలను కంఠస్థం చేయించింది. అయితే కుమారునికి ఏడేండ్లు నిండకముందే ఆమె క్షయవ్యాధితో మరణించింది. పదకొండవ ఏట బాలుడు తండ్రితోపాటు ఓడ ఎక్కాడు. తల్లి నేర్పిన పాటలు క్రమంగా మరుగునపడ్డాయి. నోట దూషణలు చేరాయి. ఇరవై ఏండ్లు నిండకముందే అతడిని బలవంతంగా నౌకాదళంలో చేర్చారు. అక్కడినుండి పారిపోబోయి పట్టుబడి, అందరి ఎదుట కొరడా దెబ్బలు తిన్నాడు. అప్పటికి అతనికి దేవునిపై విశ్వాసం లేదు. సరికదా, విశ్వసించేవారిని చెడగొట్టడం అతనికొక వినోదమైంది.

1745లో అతడు మరొక నౌకకు మారి ఆఫ్రికా చేరాడు. నేటి సియెర్రా లియోన్ తీరాన ఉన్న ప్లాంటెన్ దీవులలో ఒక బానిసల వ్యాపారి వద్ద పనికి కుదిరాడు. జబ్బుపడినప్పుడు ఆ ఇంటివారు అతనికి తిండి సరిగా పెట్టలేదు. దుంపలను పచ్చిగానే తిని ఆకలి తీర్చుకొన్న రోజులున్నాయి. ఆ దుర్దశలోనూ యూక్లిడ్ రేఖాగణిత గ్రంథాన్ని దగ్గర పెట్టుకొని, కర్రపుల్లతో ఇసుకపై పటాలు గీసి సిద్ధాంతాలు నేర్చుకున్నాడు. విద్యార్థులు ఈ ముచ్చటను మెచ్చుకోవచ్చు. కాని అంతకంటె గుర్తుంచుకోదగినది మరొకటి ఉంది. సంకెళ్ళలో ఉన్న బానిసలు తమకిచ్చిన కొద్దిపాటి ఆహారంలోనుండి కొంత తీసి, యజమానులకు తెలియకుండా అతనికి పెట్టేవారు. ఈ సంగతిని అతడే రాసిపెట్టాడు.

తండ్రి కోరిక మేరకు ‘గ్రేహౌండ్’ అనే నౌక అతడిని వెదికి ఎక్కించుకున్నది. 1748 మార్చి 21వ తేదీ రాత్రి ఉత్తర అట్లాంటిక్‌లో ఘోరమైన తుపాను ఆ నౌకను చుట్టుముట్టింది. నిద్రలో ఉన్న న్యూటన్ లేచి పైకి వెళ్ళబోగా, కత్తి తెమ్మని కెప్టెన్ అతడిని వెనుకకు పంపాడు. అతనికి బదులుగా పైకెక్కిన నావికుడిని అల ఒకటి సముద్రంలోకి ఈడ్చుకుపోయింది. నౌక ఒకవైపు చెక్కలు ఊడిపోయాయి. నావికులు తమ బట్టలను, పరుపులను రంధ్రాలలో కుక్కి, వాటిపై పలకలు బిగించారు. న్యూటన్ తెల్లవారుజాము నుండి మధ్యాహ్నం దాకా పంపుతో నీరు తోడాడు. పిదప అర్ధరాత్రి వరకు చుక్కాని పట్టాడు. ఓడలోని సరుకులో మైనం, కలప ఎక్కువ. నీటికన్న తేలికైన ఆ సరుకే వారిని తేల్చి ఉంచిందని చెప్పాలి.

పని నడుమ, ఈ ప్రయత్నమూ ఫలించకపోతే ఇక దేవుడే దయచూడాలని అతని నోట ఒక మాట అప్రయత్నంగా వెలువడింది. ఆ మాటకు అతడే ఉలిక్కిపడ్డాడు. ఇన్నేండ్లు దేవుని నిందించిన తనకు దయ ఎక్కడిది? చుక్కాని వద్ద గంటల తరబడి నిలిచి తన గతాన్ని తలపోసుకున్నాడు. తన పాపం క్షమింపరానిదని అతనికి తోచింది. తరువాతి దినాలలో బైబిలు తెరచి, తండ్రి ఆస్తిని పాడుచేసుకొని తిరిగివచ్చిన తప్పిపోయిన కుమారుని కథ చదివాడు. ఆ కథలో కుమారుడు ఇంకా దూరాన ఉండగానే తండ్రి పరుగెత్తి ఎదురువెళతాడు. క్రీస్తు పాపుల నిమిత్తం సిలువపై మరణించాడని, క్షమ మనిషి సంపాదించుకొనేది కాక రక్షకుడు ఉచితంగా ఇచ్చేదని క్రైస్తవ విశ్వాసం. తెలుగు క్రైస్తవులు ‘కృప’ అనే మాటతో చెప్పుకొనే భావం ఇదే. ఆ రక్షకుడే తనకు దిక్కని న్యూటన్ నమ్మాడు. వంటపాత్రలో చివరి ఆహారం ఉడుకుతుండగా, ఏప్రిల్ 8న నౌక ఐర్లండ్‌లోని లౌ స్విల్లీ తీరం చేరింది. జీవితాంతం అతడు మార్చి 21ని ప్రార్థనతో గడిపాడు.

కథ ఇక్కడ ముగిసిఉంటే చెప్పుకోవడం సులభంగా ఉండేది. తుపాను వెలిసిన వెంటనే అతడు బానిసల వ్యాపారాన్ని విడిచాడని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. దూషణలు మానాడు, ప్రార్థన నేర్చాడు. కాని 1750 నుండి 1754 వరకు మూడు యాత్రలలో బానిసలను మోసే నౌకలకు అధిపతిగా ఉన్నాడు. ఆదివారాలలో పైతట్టున నావికులకు ఆరాధన జరిపేవాడు. కింది తట్టున మనుషులు గొలుసులతో పడి ఉండేవారు. తిరుగుబాటు తలపెట్టారన్న అనుమానంతో బాలుర బొటనవ్రేళ్ళకు ఇనుప మరలు బిగింపజేసిన సంగతి అతని దినచర్య పుస్తకంలోనే ఉంది. ఒకప్పుడు తనకు అన్నం పెట్టినవారి వంటివారే వీరని అతనికి ఆనాడు తట్టినట్లు లేదు. చివరకు అతడిని సముద్రానికి దూరం చేసింది అంతరాత్మ కాదు, 1754లో హఠాత్తుగా వచ్చిన జబ్బు.

తరువాత లివర్‌పూల్ రేవులో ఉద్యోగం చేస్తూ గ్రీకు, హీబ్రూ భాషలు నేర్చుకొన్నాడు. 1764లో ఓల్నీ అనే చిన్న ఊరిలో మతగురువు అయ్యాడు. లేసు అల్లే పేదలు అతని శ్రోతలు. కవి విలియం కౌపర్ అక్కడ అతనికి మిత్రుడయ్యాడు. 1773 నూతన సంవత్సర దినాన చేసిన ప్రసంగం కోసం న్యూటన్ రచించిన గీతమే నేడు లోకమంతటా ‘అమేజింగ్ గ్రేస్’గా ప్రసిద్ధం. అది 1779లో అచ్చయింది. ఇప్పుడు వినిపించే బాణీ దానికి అమెరికాలో 1835లో జతపడింది. బానిసలుగా బ్రతికిన ఆఫ్రికన్ సంతతివారి ప్రార్థనలలోను ఆ పాట స్థానం పొందింది.

1780లో అతడు లండన్‌కు మారాడు. 1785 డిసెంబరులో విలియం విల్బర్‌ఫోర్స్ అనే యువ పార్లమెంటు సభ్యుడు రహస్యంగా అతని ఇంటికి వచ్చాడు. గుమ్మం దగ్గర ధైర్యం చాలక, వీధి చుట్టూ రెండుసార్లు తిరిగి మరీ లోపలికి వచ్చాడట. విశ్వాసం కలిగిన తాను రాజకీయాలను వదలాలా అన్నది అతని సందేహం. వదలవద్దని, దేవుడు అతడిని అక్కడే వాడుకొనవచ్చునని న్యూటన్ హితవు చెప్పాడు. బానిసల వ్యాపార నిషేధానికి విల్బర్‌ఫోర్స్ సాగించిన పోరాటం అటుపిమ్మట రెండు దశాబ్దాలు నడిచింది.

ఇక న్యూటన్ కూడా మౌనంగా ఉండలేకపోయాడు. 1788లో ఆఫ్రికా బానిసల వ్యాపారంపై ఒక చిన్న పుస్తకం ప్రకటించాడు. తుపాను జరిగి అప్పటికి నలభై ఏండ్లు. అలమరలో పుస్తకాల వలె మనుషులను ఓడ అరలలో పేర్చిన తీరును అందులో వర్ణించాడు. ఆ పనిలో తన పాత్రను దాచలేదు. తన ఒప్పుకోలు ఎంత నిజమైనదైనా, జరిగిన బాధను ఆపలేనంత ఆలస్యంగా వచ్చిందని విచారపడ్డాడు. ప్రీవీ కౌన్సిల్ ఎదుట, 1790లో పార్లమెంటు సంఘం ఎదుట సాక్ష్యం కూడా చెప్పాడు. వ్యాపారంతో లాభపడినవారు కొట్టివేయలేని సాక్ష్యమది. ఎందుకంటే చెప్పినవాడు ఆ ఓడల అధిపతే.

1807 మార్చి 25న నిషేధ చట్టానికి రాజామోదం లభించింది. చూపు దాదాపు పోయిన న్యూటన్ ఆ వార్త విన్నాడు. అదే సంవత్సరం డిసెంబరు 21న, ఎనభై రెండవ ఏట కన్నుమూశాడు. తన సమాధి ఫలకంపై చెక్కవలసిన మాటలను అతడే ముందుగా రాసిపెట్టాడు. ఒకప్పుడు అవిశ్వాసినని, దుర్మార్గుడనని, ఆఫ్రికాలో బానిసలకు సేవకుడనని, రక్షకుని దయచేత క్షమింపబడి బోధకుడినయ్యానని ఆ మాటల సారాంశం. నౌకాధిపతిగా ఉన్న సంవత్సరాల మాట మాత్రం ఆ ఫలకంపై లేదు. దానికోసం 1788 నాటి చిన్న పుస్తకాన్నే తెరవాలి.