బీపీ 300 దాకా వెళ్లింది.. అమెరికా ప్రెసిడెంట్ ప్రాణం తీసింది!

అమెరికా ప్రెసిడెంట్‌గా నాలుగుసార్లు గెలిచింది ఒక్కరే.. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్. 39 ఏళ్లకే పోలియోతో కాళ్లు చచ్చుబడ్డా కుంగిపోలేదు. 1933లో వైట్‌హౌస్‌లో అడుగుపెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో దేశాన్ని ముందుండి నడిపించారు.

అలాంటి మనిషిని లోలోపల తినేసింది బీపీ. 1937లోనే 162/98. 1941కల్లా 188/105. అయినా ఎవరూ సీరియస్‌గా తీసుకోలేదు. వయసు పెరిగితే బీపీ పెరగడం మామూలేనని అప్పటి డాక్టర్లు చాలామంది నమ్మేవారు. ఆయన పర్సనల్ డాక్టరేమో చెవి, ముక్కు, గొంతు స్పెషలిస్ట్!

1944 మార్చిలో గుండె డాక్టర్ హోవార్డ్ బ్రూయెన్ పరీక్షించారు. అప్పటికే గుండె పెద్దదై, ఫెయిలవుతోంది. ఉప్పు, సిగరెట్లు తగ్గించారు. రెస్ట్ తీసుకోమన్నారు. కానీ బీపీని దించే సరైన మందే అప్పట్లో లేదు. జనానికి మాత్రం అంతా బాగుందనే చెప్పారు. ఆ ఏడాదే నాలుగోసారి గెలిచారు.

1945 ఏప్రిల్ 12. జార్జియాలోని వార్మ్ స్ప్రింగ్స్‌. కూర్చుని బొమ్మ గీయించుకుంటుండగా తల వెనక విపరీతమైన నొప్పి. వెంటనే స్పృహ తప్పారు. బీపీ చూస్తే 300/190! మెదడులో రక్తస్రావం. ఆ మధ్యాహ్నమే కన్నుమూశారు. వయసు 63. నెల తిరగకుండానే జర్మనీ లొంగిపోయింది. ఆ గెలుపు ఆయన చూడలేదు.

రూజ్‌వెల్ట్‌కు దొరకని బీపీ మాత్రలు ఇప్పుడు మన ఊరి మెడికల్ షాపులోనే ఉన్నాయి. తలనొప్పి, కళ్లు తిరగడం లేకపోయినా సరే, ఓసారి బీపీ చూపించుకోండి. డాక్టర్ మాత్రలు రాస్తే మధ్యలో మానేయొద్దు.